వరస చెప్పిన చదువు

మొన్న మా మనవరాలికి డిగ్రీలో సీటొచ్చింది. సోషియాలజీ తీసుకుంటానంది. మా అబ్బాయి కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టి, "దాంతో ఏం ఉద్యోగాలొస్తాయే?" అన్నాడు. అది ముందే సిద్ధపడి ఉంది కాబోలు, ఫోను చూసుకుంటూ గడగడా చదివేసింది. సంక్షేమ శాఖలట, స్వచ్ఛంద సంస్థలట, సర్వేలు చేసే కంపెనీలట, పత్రికలట, పెద్ద పెద్ద ఆఫీసుల్లో మనుషుల మంచిచెడ్డలు చూసుకునే ఉద్యోగమట, సివిల్స్ పరీక్షకైతే ఇక చెప్పనే అక్కర్లేదుట. అయినా మా అబ్బాయి మొహం విచ్చుకోలేదు. "నువ్వయినా చెప్పమ్మా" అని నా మీదికి తోశాడు. నేనేం చెప్పను? ఆ ప్రశ్న మా పుట్టింటి వసారాలో నేను పదహారేళ్ల పిల్లగా ఉన్నప్పుడే విన్నాను. అచ్చం అదే విసుగు, అదే బెంగ. జవాబు చెప్పడానికి మా అన్నయ్య దగ్గర ఇంత జాబితా లేదు పాపం. "తీసుకోనీరా, దాని ఇష్టం" అని మాత్రం అనేసి గదిలోకి వచ్చి నడుం వాల్చాను. రోజూ పట్టే మధ్యాహ్నపు కునుకు ఆ వేళ పట్టలేదు.

మాది రాజోలు దగ్గర ఒక పల్లె. ఇంటి ముందు కాలవ, కాలవ గట్టున కొబ్బరిచెట్లు, వాటి కింద పీచు నానేసిన గోతులు. ఆ గోతుల వాసనకి కొత్తవాళ్లకి కడుపులో తిప్పేది గాని, మాకు మాత్రం ఇల్లు దగ్గర పడిందని గుర్తు. కాలవకి ఇవతల మేము, అవతలి గట్టున మావయ్యగారిల్లు. నిజానికి ఆయన మా అమ్మకి తోడబుట్టినవాడు కాదు. అమ్మ పుట్టింటి ఊరివాడు. ఇక్కడ పొలం కొనుక్కుని వచ్చి స్థిరపడ్డాడు. ఆ ఊరి వరసన అమ్మ ఆయన్ని అన్నయ్యా అనేది, అంచేత మాకు మావయ్య. ఆయన పసిగుడ్డుగా ఉన్నప్పుడే కన్నతల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆ వచ్చినావిడే ఆయన్ని కడుపులో పెట్టుకుని పెంచింది. ఆవిడ్ని మేమంతా మామ్మగారు అనేవాళ్లం. మావయ్యగారికి మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది నా ఈడుది, నా ప్రాణస్నేహితురాలు. పొద్దున్నే అంట్లు పట్టుకుని అది ఆ రేవులోకి, నేను ఈ రేవులోకి దిగి, మధ్యలో నీళ్లు పెట్టుకుని అరుచుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. మా అన్నయ్య మాట వచ్చినప్పుడల్లా అది తోమిన గిన్నే మళ్లీ తోమేది. ఆ సంగతి నాకు తెలుసు, మా అమ్మకి తెలుసు, కాలవలో చేపలక్కూడా తెలుసు. అన్నయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు, సెలవులకి ఇంటికొస్తే ఆ గట్టువైపు మొహం పెట్టుకునే అన్నం తినేవాడు. బావామరదళ్ల వరసే కదా అని పెద్దవాళ్లు చూసీ చూడనట్టు నవ్వుకునేవారు.

అన్నయ్య చిన్నప్పటినుంచీ ప్రశ్నల పుట్ట. చాకలాయన పెరటి దారినే ఎందుకొస్తాడు, ఊరి పెద్దకి గాజుగ్లాసులో ఇచ్చే కాఫీ పాలేరుకి కొబ్బరిచిప్పలో ఎందుకు పోస్తాం, ఇలాంటివి అడిగి నాన్నగారి చేత చీవాట్లు తినేవాడు. వాణ్ని లాయరు చెయ్యాలని నాన్నగారి కోరిక. నాన్నగారి పినతండ్రి కొడుకు ఒకాయన మైసూరులో రైల్వే గుమాస్తాగా ఉండేవాడు. కుర్రాణ్ని మా ఇంట్లో ఉంచి చదివిస్తాను పంపించండని ఆయనంటే పంపించారు. అన్నయ్య అక్కడ బి.ఏ.లో ఏరి కోరి సోషియాలజీ పుచ్చుకుని వచ్చాడు. "అదేం చదువురా?" అని నాన్నగారు అడిగారు. "మనుషులు నలుగురూ కలిసి ఎలా బతుకుతారో, ఎందుకలా బతుకుతారో చదవడం నాన్నా" అన్నాడు. నాన్నగారు, "మనం ఇక్కడ బతుకుతున్నది అలాగే కదరా, దానికి మైసూరు దాకా ఎందుకు?" అన్నారు. అప్పటికది హాస్యం. అందరం నవ్వేశాం.

ఒకసారి వాళ్ల మేష్టారు, సెలవులకి ఇళ్లకి వెళ్తున్నారు గదా, ఎవరి బంధువర్గాన్ని వాళ్లు నాలుగు తరాల వెనక్కి కనుక్కుని రండని పురమాయించాడట. అన్నయ్య ఆ వేసవంతా ముసలమ్మల వెంట పడ్డాడు. పలివెలలో చెవులు బొత్తిగా వినపడని ఒక దూరపు బంధువు దగ్గర కూచుని, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చాడు. మా నాయనమ్మని కన్నతల్లి పలివెల పిల్లట, కవలల్లో పెద్దదట. చిన్నదాన్ని గోదావరి అవతల ఎవరికో ఇచ్చారట, ఆవిడ కాలం చేసిందట, ఆ తర్వాత ఆ వైపు వాళ్ల జాడ తెలియలేదట. పోయినవాళ్ల కోసం ఈ తాపత్రయం ఏమిట్రా అని అమ్మ మిరియాల పాలు ఇస్తూ దెప్పింది. కాలేజీలో వాళ్ల మేష్టారు నల్లబల్ల మీద మగవాళ్లకి త్రికోణం, ఆడవాళ్లకి సున్నా గీసి చుట్టరికాలు చూపించేవాడట. మా వసారాలో నల్లబల్ల ఎక్కడిది? నేనూ నా స్నేహితురాలూ అష్టాచెమ్మా ఆడుకునే చింతపిక్కలూ గవ్వలూ లాక్కుని, మగవాళ్లకి పిక్క, ఆడవాళ్లకి గవ్వ పెట్టి మా ఇద్దరికీ పాఠం చెప్పేవాడు. అది కళ్లింతలు చేసుకుని వినేది. వినేదో, చూసేదో, నాకిప్పటికీ అనుమానమే.

డిగ్రీ చేతికి వచ్చాక అసలు కథ మొదలైంది. నాన్నగారు అన్నయ్యని వెంటబెట్టుకుని అమలాపురంలో తెలిసిన ప్లీడరుగారి దగ్గరికి తీసికెళ్లారు. ఆయన వివరంగా విని, "మనుషుల తగువులూ, వాటాలూ, పంతాలూ... ఇవేగదండీ మీరు చదివింది? ఇవన్నీ మా గుమాస్తా చదవకుండానే చెప్తాడండి" అన్నాడట. హైస్కూలు హెడ్మాస్టరుగారు, ఆ సబ్జెక్టు మా దగ్గర లేదండీ, లెక్కలైతే చెప్పండి ఇప్పుడే చేర్చుకుంటానన్నారు. విశాఖపట్నంలో ఏదో కార్ఖానాలో కూలీల బాగోగులు చూసే ఆఫీసరు పని ఉందని ఎవరో చెబితే, రేవులూ రైళ్లూ మారి వెళ్లాడు. ఇంకో పరీక్ష ప్యాసవ్వాలని పంపేశారు. వెళ్లేటప్పుడు ఇస్త్రీ చొక్కా, వచ్చేటప్పుడు నలిగిన మొహం. తిరిగొచ్చిన ప్రతిసారీ బస్సు దిగి తిన్నగా ఇంటికి రాకుండా, కాలవగట్టు మీద చీకటి పడేదాకా తిరిగేవాడు. అవతలి గట్టు నుంచి మావయ్యగారు, "ఏమైందయ్యా?" అని అడుగుతారని భయం. ఆయన అడిగేవారు కాదు. ఆ మంచితనమే అన్నయ్యని మరీ నలిపేసేది.

ఈలోగా ఊరు మాత్రం ఆ చదువుకి ఒక ప్రయోజనం కనిపెట్టింది. ఎవరింట్లో సంబంధం చూసుకున్నా, ఎవరిని ఏమని పిలవాలో తెలియకపోయినా మా అరుగు ఎక్కడం మొదలుపెట్టారు. "ఏవండీ అబ్బాయిగారూ, మా తోడల్లుడి మేనత్త కొడుకు కూతురు మా వాడికి ఏవవుతుందండి?" అని ఒకాయన. అన్నయ్య పిక్కలు పరిచేవాడు. "మరదలే అవుతుందండి, చేసుకోవచ్చు" అంటే ఆయన "ఆయ్, ఆయ్" అని తలూపుతూ పనసకాయో, రెండు కొబ్బరిబొండాలో అరుగు మీద పెట్టి వెళ్లేవాడు. మాకు పనసపొట్టు కూరకి ఆ రెండేళ్లూ లోటు లేదు. నాన్నగారికి ఆ పనసకాయలు చూస్తే ఒళ్లు మండేది. "మైసూరు వెళ్లి పెళ్లిళ్ల పేరయ్య అయ్యొచ్చేడే మనవాడు" అని అమ్మతో అనేవారు, అన్నయ్యకి వినపడేటట్టు. అన్నయ్య నవ్వేవాడు. నేను పక్కగదిలోంచి చూస్తే, ఆ నవ్వు అలాగే ఉంచి, చేత్తో పిక్కలు నలుపుతూ కూచునేవాడు.

మావయ్యగారు ఒకనాడు అమ్మ దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పేశారు. "చెల్లెమ్మా, నాకు తొందర లేదు. మా అమ్మకుంది. దిండి వైపు నుంచి ఒక సంబంధం వస్తోంది. కుర్రాడికి సొంత పడవలూ, కొబ్బరితోటా ఉన్నాయి. మనవాడికి ఏదో ఒకటి, స్కూలు మేష్టరీ అయినా సరే, వచ్చే వేసవిలోగా వస్తే నేను ఇంకో గడప తొక్కను." ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా అన్నయ్య ఆ మాట విన్నప్పటినుంచీ అన్నం సరిగ్గా తినలేదు. ఇటు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. సహకార బ్యాంకు, జనాభా లెక్కలు, తాలూకా కచేరీ, చివరికి సినిమాహాల్లో టికెట్ల పని కూడా అడిగాడని తర్వాత తెలిసింది. అటు నా స్నేహితురాలు రేవులోకి రావడం మానేసింది. వస్తే, ఏమైనా వచ్చిందా అని అడగాలి. అడిగితే, నేను లేదనాలి. మేమిద్దరం ఎదురెదురు గట్ల మీద ఉండి అలా మొహాలు చాటేసుకుని తిరిగాం.

అప్పుడొచ్చింది, కొత్తపేట వైపు అభివృద్ధి బ్లాకులో ఉద్యోగం. ఊళ్లు తిరిగి చదువు రానివాళ్లకి బడులు పెట్టించడం, యువజన సంఘాలు కట్టించడం, ఆడవాళ్లని పోగుచేసి నాలుగు మంచి మాటలు చెప్పడం. అన్నయ్య చదివిన చదువుకి అచ్చంగా కొలతలు తీసుకుని కుట్టినట్టుంది. ఇంటర్వ్యూలో ఒకాయన, "ఊళ్లో రెండు వర్గాలు మాటల్లేకుండా ఉన్నాయి, మీరేం చేస్తారండి?" అని అడిగాడట. "ఏ ఇంటికి ఏ ఇల్లు ఏమవుతుందో ముందు కనుక్కుంటానండి. రెండువైపులా చుట్టరికం ఉన్నవాడు ఒకడు ఉండకపోడు. వెళ్లి వాడి అరుగు మీద కూచుంటానండి" అన్నాడట అన్నయ్య. ఆయన పెద్దగా నవ్వి, అక్కడే ఉద్యోగం ఖాయం చేశాడట. ఆ సాయంత్రం నాన్నగారు అన్నయ్య భుజం మీద చెయ్యేశారు. మా ఇంట్లో అలాంటివి అలవాటు లేదు. నేను గట్టు మీదికి పరిగెత్తి, కాలవ అవతలికి ఒక్క కేక పెట్టాను. అన్నాళ్లకి అది చేతిలో గిన్నెతో రేవులోకి పరిగెత్తుకొచ్చింది. ఆ గిన్నె వదిలేస్తే తేలుకుంటూ పోయింది, పట్టుకోవాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు.

తాంబూలాలు పుచ్చుకోవడానికి వేసవిలో ముహూర్తం పెట్టారు. అప్పటికి కాలవలు కట్టేశారు. ఏటా ఎండల్లో మరమ్మతులకని నీళ్లు ఆపేసేవారు. అంచేత మేము వంతెన దాకా చుట్టు తిరగకుండా, పళ్లెరాలు పట్టుకుని ఎండిన కాలవలోంచే నడిచి అవతలి గట్టు ఎక్కాం. మావయ్యగారి వసారా నిండా జనం. కాబోయే అల్లుడి గొప్ప పదిమందికీ చూపించాలని ఆయనకి ఎంత ఉబలాటమో! తాంబూలాలకి ఇంకా కాస్త వేళ ఉంది. "ఈయన చదువేవిటో మీకెవరికీ అర్థం కాలేదు గదండీ, ఇప్పుడు చూడండి. ఏదీ అల్లుడుగారూ, మన రెండు కుటుంబాలూ ఓసారి పరిచి చూపించండి" అన్నారు. లోపల్నుంచి నా స్నేహితురాలే చింతపిక్కలూ గవ్వలూ పళ్లెంలో పోసి నా చేతికిచ్చింది. కొత్త చీరలో దాని మొహం నేను అంత సంతోషంగా చూడ్డం అదే ఆఖరు.

అన్నయ్య ఆ రోజు ఎంత బాగా చెప్పాడో! ముందు కిటుకు చెప్పాడు. "ఇదిగోనండి, ఇద్దరు అక్కచెల్లెళ్లు. గవ్వ పక్కన గవ్వ. వీళ్ల పిల్లలు ఒకళ్లకొకళ్లు అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్లే. అలాగే ఇద్దరు అన్నదమ్ములు, పిక్క పక్కన పిక్క. వాళ్ల పిల్లలూ అంతే. ఎక్కడ గవ్వ పక్కన పిక్క పడుతుందో, అంటే అక్కా తమ్ముడో, అన్నా చెల్లెలో పడతారో, అక్కడ బావామరదళ్లు పుడతారండి." జనం మూగారు. మామ్మగారు కళ్లజోడు సర్దుకుని ముందుకి జరిగింది. మీసాల పెద్దమనిషి ఒకాయన, "ఓహో, ఇంతేనండీ! ఆయ్, ఇది మనకి తెలిసిందే గానండి, ఇలాగ కళ్లక్కట్టలేదండి" అన్నాడు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. మా వైపు మొదలుపెట్టాడు. కింద తను ఒక పిక్క. పైన నాన్నగారు పిక్క. ఆ పైన నాయనమ్మ గవ్వ. ఇంకా పైన ఆవిడ తల్లి, ఇంకో గవ్వ. "ఈవిడ పలివెల పిల్లండి, కవలల్లో పెద్దది" అని చెప్పి, దాని పక్కనే ముచ్చటగా ఇంకో గవ్వ పెట్టాడు. "ఇది చిన్నావిడ. ఆవిడ వైపు వాళ్లెవరో తెలియలేదండి." తర్వాత మావయ్యగారి వైపు తిరిగి, కింద ఆయన కూతురికో గవ్వ, పైన ఆయనకో పిక్క పెట్టి, "మావయ్యగారూ, మిమ్మల్ని కన్న తల్లిగారిది ఏ ఊరండీ?" అని అడిగాడు.

మావయ్యగారిని ఆ మాట అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు కాబోలు. "మా అమ్మని నేను చూళ్లేదయ్యా. గోదావరి అవతల పుట్టిందని విన్నాను. మా అమ్మమ్మ మాత్రం పలివెల పిల్లట. కవలల్లో చిన్నదట. అంతే తెలుసు నాకు" అన్నారు. అన్నయ్య చేతిలో గవ్వ చేతిలోనే ఉండిపోయింది. నేను చూశాను. తర్వాత నవ్వు తెచ్చిపెట్టుకుని, "ఇదంతా ఉత్త కాలక్షేపమండి, ముహూర్తం దాటిపోతోంది" అని పిక్కల మీద చెయ్యి అడ్డం పెట్టబోయాడు. కాని అప్పటికే ఒంటరిగా ఉన్న ఆ చిన్నావిడ గవ్వ మీద అందరి కళ్లూ పడ్డాయి. మామ్మగారి వేలు అన్నయ్య చేతి పక్కనుంచి ముందుకొచ్చింది. దురుద్దేశం ఏమీ లేదు, కొత్త ఆట నేర్చుకున్న సరదా ఆవిడది. "గవ్వా, గవ్వా. వాళ్ల కూతుళ్లు గవ్వా, గవ్వా. వీళ్ల కొడుకులు పిక్కా, పిక్కా..." అంటూ కిందికి వచ్చి, అట్టడుగున ఉన్న పిక్క దగ్గరా గవ్వ దగ్గరా ఆగిపోయింది. మీసాలాయన నెమ్మదిగా, "అయితే అన్నాచెల్లెళ్లు గదండీ" అన్నాడు. అన్నయ్య చదువు ఊరందరికీ మొట్టమొదటిసారి అర్థమైంది.

ఆ తర్వాత జరిగింది మాటల్లో పెట్టాలంటే నా వల్ల కాదు, అయినా చెప్పాలి. అన్నయ్య లేచి నిలబడి అందర్నీ బతిమాలాడు. "ఎప్పటి మాటండి ఇది! ఇన్నాళ్లూ ఎవరికైనా తెలుసా? మా అమ్మ వైపునుంచి చూడండి, మరదలే అవుతుంది గదండీ" అన్నాడు. మీసాలాయన, "అది ఊరి వరసండి, నోటితో పిలుచుకున్నది. ఇది నెత్తుటి వరసండి" అన్నాడు. "ఈ వరసలన్నీ మనుషులు పెట్టుకున్నవేనండీ! ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. నేను చదివేను గదండీ!" అని అన్నయ్య దాదాపు అరిచాడు. "అలాగేనండి. మనం ఉన్న చోట ఇలాగ ఉందండి" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. మా ప్రాంతపు మర్యాద మీద నాకు ఆ రోజు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. అండీ అంటూ మనిషి గొంతు నొక్కేస్తే ఏం చేస్తాం? పురోహితుడిగారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు అన్నయ్య. ఆయన పంచాంగం మూసి, "గోత్రాలు వేరు నాయనా, శాస్త్రం ఏమీ అనదు. కాని వరస నా చేతిలో లేదు" అన్నారు. తెచ్చిన పళ్లెరాలు తెచ్చినట్టే పట్టుకుని మళ్లీ ఎండిన కాలవలోంచి ఇవతలికి వచ్చాం.

ఆ పదిహేను రోజులూ అన్నయ్య మనిషిలా లేడు. కొత్తపేట వెళ్లి ఒక పెద్దమనిషిని, రాజోలులో ఇంకొకరిని కలిసి, తప్పు లేదని ఒక్క మాట చెప్పించడానికి తిరిగాడు. ఎవరు చెప్తారు? ఒక సాయంత్రం నాన్నగారి ముందు కూలబడి, "మీకు ఆ కవలల సంగతి తెలియదని చెప్పండి నాన్నా. పలివెల ముసలావిడ పొరపాటు చెప్పిందని చెప్పండి" అని ఏడ్చాడు. నాన్నగారు, "నీకోసం నేను చెప్తాన్రా. నమ్మేదెవరు? నువ్వంత బాగా చెప్పేవు గదరా" అన్నారు. నా స్నేహితురాలు పొద్దున్నే ఎండిన కాలవ మధ్యకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మైసూరులో మన వరస ఎవరికి తెలుసే? వస్తానని చెప్పు మీ అన్నయ్యతో" అంది. నేను చెప్పాను. అన్నయ్య తలెత్తాడు. అన్ని రోజులకీ వాడి కళ్లల్లో ప్రాణం కనిపించింది. వెళ్లిపోతారనే అనుకున్నాను. వెళ్లిపోవాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను కూడా.

మర్నాడు మావయ్యగారు ఒక్కరూ నడుచుకుంటూ మా ఇంటికొచ్చారు. కోపంగా వస్తారనుకున్నాం. ఆయన తిన్నగా నాన్నగారి దగ్గరికెళ్లి, "అన్నయ్యా" అని ఆయన్ని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "తల్లి తరఫు మనిషంటూ నాకు లోకంలో ఒక్కరు లేరనుకుని ఇన్నేళ్లూ బతికేను. మా అమ్మ ఎలా ఉండేదో చెప్పేవాళ్లు కూడా లేరు. మీ అమ్మగారు మా అమ్మకి అక్క అవుతుంది. ఆవిడ పోలికే ఉండేదేమో గదా? చెప్పండన్నయ్యా, ఆవిడ ఎలా ఉండేది?" అన్నారు. నాన్నగారు నాయనమ్మ ఎత్తూ, రంగూ, నడకా, కోపం వస్తే ముక్కుపుటాలు అదరడమూ చెబుతుంటే, ఆయన నోరు తెరుచుకుని విన్నారు. తర్వాత అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని, "నా బాధ నాకుంది, నీ బాధ నీకుంది. దాన్ని ఇంక ఏం చెయ్యలేం. కాని నాకు కొడుకులు లేరయ్యా. నువ్వు నాకు మా అమ్మని తెచ్చిపెట్టేవు. నువ్వు నా కొడుకువి" అన్నారు. ఆయన వెళ్లాక అన్నయ్య నన్ను పిలిచి, "రానని చెప్పు" అన్నాడు. నేను తిట్టాను, కొట్టాను, పిరికివాడివన్నాను. "ఆయన చేతులు ఎంత చల్లగా ఉన్నాయో నీకు తెలియదే" అన్నాడు, అంతే. దానికి చెప్పలేక రోజులు దాటేస్తూ వచ్చి, కాలవలో నీళ్లు వదిలిన రోజున నేను రేవులోకి దిగి ఆ సంగతి చెప్పాను. పారే నీళ్ల మీదుగా అరిచి చెప్పాల్సి వచ్చింది. అది రెండోసారి చెప్పమంది, నేను రెండోసారి కూడా అరిచాను.

దిండి సంబంధం ఖాయమైంది. పెళ్లికి మావయ్యగారు అన్నయ్యకోసం ప్రత్యేకంగా మనిషిని పంపించారు. హోమం దగ్గర పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పొయ్యాలి. అది అన్నదమ్ములు చెయ్యాల్సిన పని. దానికి సొంత అన్నదమ్ములు లేరు, వరసకి అన్నయ్య ఉన్నాడు గదా ఇప్పుడు. వద్దని అమ్మ ఏడ్చింది. అన్నయ్య బ్లాకు ఆఫీసులో సెలవు పెట్టి, తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. దాని దోసిలి కింద పెళ్లికొడుకు చేతులు. పైనుంచి మా అన్నయ్య పేలాలు పోశాడు. దాని వేళ్ల సందుల్లోంచి కొన్ని రాలిపోయాయి, పురోహితుడుగారు మళ్లీ పొయ్యమన్నారు, మళ్లీ పోశాడు. అది తలెత్తలేదు. పొగకి అందరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి, అంచేత ఎవరి కన్నీళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

అన్నయ్య ఆ తర్వాత చాలా ఉద్యోగాలు చేశాడు. బ్లాకులో కొన్నాళ్లు, విశాఖపట్నంలో కూలీల సంక్షేమం కొన్నాళ్లు, ఆఖర్న జైలునుంచి బయటికొచ్చిన కుర్రాళ్లని దారిలో పెట్టే పని. చేసిన చోటల్లా మంచి పేరే. ఆలస్యంగా పెళ్లి చేసుకున్నాడు, మా వదిన బంగారం. చింతపిక్కలు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు, ఎవరు అడిగినా మరిచిపోయానండి అనేవాడు. దీపావళి వెళ్లిన రెండోనాడు చెల్లెలి చేతి భోజనం తినాలని మా వైపు పద్ధతి. నా స్నేహితురాలు పెళ్లైన ఏడాదే కబురు పంపింది, అన్నయ్యగారు భోజనానికి రావాలని. తోడబుట్టిన దాన్ని నేనుండగా వాడు ముందు దిండి వెళ్లేవాడు. నేను ఒక్కనాడూ కిమ్మనలేదు. మొదటి ఏడాది రెండు ముద్దలు తిని లేచిపోయాడట, తిరుగు ప్రయాణంలో పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకున్నాడని సరంగు చెప్పాడు. అయినా ఏటా వెళ్లేవాడు. పదిమంది ఎదటా వాళ్లిద్దరూ ఒకళ్లకొకళ్లు కనపడడానికి ఆ వరస ఇచ్చిన రోజు ఆ ఒక్కటే.

చాలా ఏళ్లకి, నా జుట్టు కూడా నెరిశాక, ఒకసారి నేనూ వాడితో వెళ్లాను. దానికి అప్పటికే కోడలు వచ్చింది. విస్తరి వేసి, పక్కన కూచుని విసురుతూ, "ఆవకాయ వద్దన్నయ్యా, నీకసలే రక్తపోటు. వదిన నన్ను తిడుతుంది" అంది. "నువ్వూ మొదలెట్టేవా, ఇంట్లో అది చాలకా?" అని విసుక్కున్నాడు వాడు. అచ్చం నన్ను విసుక్కున్నట్టే. నేను వాళ్లిద్దరి కళ్లల్లోకీ మార్చి మార్చి చూశాను. ఏదో ఉంటుందని, పొరల కింద ఎక్కడో దాచుకుని ఉంటారని వెతికాను. ఏమీ లేదు. దాపరికం లేదు, బాధ కూడా లేదు. వాడు నిజంగానే దాని అన్నయ్య, అది నిజంగానే వాడి చెల్లెలు. చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లి, వాళ్లిద్దరూ ఏడవాల్సిన ఏడుపంతా నేను ఏడ్చాను. కాలం నా దగ్గర్నుంచి చాలామందిని తీసుకుపోయింది, దాన్ని క్షమించాను. కాని ఊరంతా కలిసి చెప్పిన ఆ మాటని నెమ్మదిగా నిజం చేసి పెట్టిందే, దాన్ని మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు.